ఆఫీసు పనిమీద మునిగినవాడు

మాది వెంకటాచలం దగ్గర వరి పండించే పల్లె. నీళ్లంటే నాకు తెలిసింది కాలవ నీళ్లే. మోకాలి దాకా వస్తే కాలవ నిండుగా ఉందని సంతోషించే ఇంట్లో పుట్టాను. అటువంటి నన్ను గ్రామ రెవెన్యూ అధికారిని చేసి, జువ్వలదిన్నె అవతల ఒక మత్స్యకారుల పల్లెకు పంపించారు. చేరిన రోజు ఆఫీసు గదిలో ఉక్కగా ఉందని కిటికీ తెరిచాను. ఎదురుగా సముద్రం. మళ్లీ మూసేశాను.

ఆ ఊళ్లో నా ఉద్యోగంలో ముఖ్యమైన పని, సముద్రం గురించి సముద్రం తెలిసినవాళ్లకు చెప్పడం. వాయుగుండం అని పైనుంచి కబురు రాగానే ఆటోకు మైకు కట్టించుకుని వీధులన్నీ తిరిగేవాణ్ణి. "మత్స్యకార సోదరులెవరూ వేటకు వెళ్లరాదు" అని నేను అరుస్తున్నప్పటికే పడవలన్నీ ఒడ్డు మీద ఉండేవి. అయినా ఎవరూ నన్ను చిన్నబుచ్చలేదు. వాళ్ల ఇంటి ముందు నా ఆటో ఆగితే టీవీ సౌండు తగ్గించేవాళ్లు. నేను చెప్పడం అయిపోయాక, "సరే సార్, ఇంక పోములే" అని, మళ్లీ సౌండు పెంచుకునేవాళ్లు.

ఊరి పెద్దవాళ్లు చెప్పేదాన్ని బట్టి, వాళ్ల చిన్నతనంలో తుఫాను వస్తే ఎవరి దారి వాళ్లదే. తర్వాత రేడియోలో చెప్పడం మొదలైంది. ఆ తర్వాత పొడుగాటి స్తంభాల మీద తుఫాను షెల్టరు కట్టారు. ఆపైన సెల్‌ఫోనుకు మెసేజులు, బీచి దగ్గర సైరను స్తంభం వచ్చాయి. ఒకప్పుడు ప్రభుత్వం తుఫాను వెళ్లిపోయాక వచ్చేది. కొన్నాళ్లకు తుఫానుతో పాటే రావడం నేర్చుకుంది. నా హయాం వచ్చేసరికి తుఫాను లేకపోయినా వస్తోంది. దాన్ని మాక్ డ్రిల్ అంటారు.

మా ఊళ్లో మాక్ డ్రిల్ పెడుతున్నారని తెలిసింది నాకు తహసీల్దారు మేడం పిలిపించినప్పుడు. మేడం మంచి మనిషి, కాని ఎప్పుడు చూసినా రెండు ఫోన్లు మోగుతుండేవి, అందువల్ల ఆమె మాటల్లో సగం నాకు, సగం ఫోనుకు అన్నట్టు ఉండేది.

"జిల్లా నుంచి పెద్ద సార్ వస్తున్నారు. ఫైరింజను, రెస్క్యూ టీము, అంబులెన్సు అన్నీ వస్తాయి. మనం ఇవ్వాల్సింది బాధితులను మాత్రమే" అన్నారు.

"బాధితులంటే మేడం?"

"కాలు విరిగినవాళ్లు, గర్భిణీ, ఇల్లు వదిలి రాననేవాళ్లు, సముద్రంలో మునిగినవాడు, అతని కోసం ఏడ్చే బంధువు. ఊళ్లో మాట్లాడి ఒప్పించండి. ఆ, చెప్పండి సార్..." ఆ చివరి మాట ఫోనుకు.

ఊరి తగవులు తీర్చే పెద్దమనిషిని అక్కడ పెద్దకాపు అంటారు. నేను ఆయన దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన వల కుట్టుకుంటూ విన్నాడు. సాయంకాలానికల్లా జనాన్ని షెల్టరు దగ్గర కూర్చోబెట్టాడు. కాలు విరిగినవాడి వేషానికి ఎంత పోటీ వచ్చిందంటే, ఇద్దరు బావాబావమరుదులు దాని కోసం చొక్కాలు పట్టుకున్నారు. నిజంగానే ఎవరిదో ఒకరి కాలు విరుగుతుందేమో అనుకున్నాను. గర్భిణీగా నిజమైన గర్భిణీయే ముందుకు వచ్చింది, ఎటూ ఆసుపత్రికి పోవాల్సిన పని ఉందట. మునిగినవాడు ఎవరు అని అడిగేసరికి మాత్రం అందరూ కాళ్లవైపు చూసుకున్నారు.

పెద్దకాపు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "ఆ యాసం మా ఊళ్లో ఎవురూ ఎయ్యరు సార్. రేపు మళ్లా అదే నీళ్లల్లోకి పోవాల్సినోళ్లం గదా. ఇంకేవన్నా అడగండి, ఏస్తాం. కావాలంటే నేను గర్భిణీగా పండుకుంటా."

ఈ మాటే మేడంకు చెప్పాను. మనిషి బదులు బొమ్మను పెడదామన్నాను. రెస్క్యూ టీముకు ఒక రబ్బరు బొమ్మ ఉందిగాని, కిందటి నెల వేరేచోట అగ్నిప్రమాదం డ్రిల్లులో అది కాలిపోయిందట.

"ఊరికి బాధ్యులు ఎవరు?" అని అడిగారు మేడం.

"నేనే మేడం."

"అయితే మీరే మునగండి."

నాకు ఈత రాదని చెప్పాను. ఈత వస్తే మునగడం ఎట్లా కుదురుతుందని మేడం అడిగారు.

డ్రిల్లు రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. షామియానా కింద కుర్చీలు వేశారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి మైకు పట్టుకుని, పెనుగాలులు వీస్తున్నాయని, ఊరు ఊరంతా నీటిలో చిక్కుకుందని ప్రకటించారు. చెబుతూ చెబుతూ ముఖం మీది చెమట తుడుచుకున్నారు. సైరను మోగింది. ఊళ్లో కుక్కలన్నీ దానితో గొంతు కలిపాయి.

ఇప్పుడు ప్రజలను ఇళ్లలోంచి ఖాళీ చేయించాలి. తీరా చూస్తే ఇళ్లలో ఎవరూ లేరు. తమాషా చూడడానికి అందరూ పొద్దుటి నుంచే బీచిలో ఉన్నారు. ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకున్నారు. ఐస్‌క్రీము బండి కూడా వచ్చింది. పెద్ద అధికారి కాసేపు ఆలోచించి, "దయచేసి అందరూ ఇళ్లకు వెళ్లండి, మిమ్మల్ని ఖాళీ చేయించాలి" అని మైకులో బతిమాలారు. సగం మంది గొణుక్కుంటూ వెళ్లారు. పోలీసులు వాళ్ల వెనకే వెళ్లి, తలుపులు కొట్టి, మళ్లీ తీసుకొచ్చి షెల్టరు ఎక్కించారు. షెల్టరు కిటికీల్లోంచి బీచి కనపడదని తెలిశాక వాళ్లంతా దిగి మళ్లీ బీచికే వచ్చారు. రిపోర్టు రాసుకునేవాళ్లు మాత్రం ఖాళీ చేయించడం పూర్తయిందని రాసుకున్నారు.

ఇక నా వంతు. మెడలో "మునిగినవాడు" అని రాసిన అట్ట వేశారు. నా భయం చూసి రెస్క్యూ టీము కుర్రవాళ్లు చొక్కా లోపల తేలే జాకెట్టు ఒకటి కట్టారు. దాంతో పొట్ట దగ్గర గుండీలు పడలేదు. "ఇంకా మునగనే లేదు, అప్పుడే ఉబ్బిపోయినాడే" అని ఎవరో ఆడమనిషి జాలిపడింది. సెల్‌ఫోను, గుర్తింపు కార్డు తడుస్తాయని పెద్దకాపు చేతికి ఇచ్చాను. రబ్బరు పడవలో కొంచెం లోపలికి తీసుకెళ్లి, నడుము లోతు నీళ్లలో దించారు. చేతులెత్తి "కాపాడండి" అని మూడుసార్లు అరవాలి. అంతే నా పాత్ర.

ఒకసారి అరిచాను. రెండోసారికి, ఎక్కడ దాక్కుందో తెలియదు, ఒక అల వచ్చి వెనకనుంచి నన్ను తోసింది. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. జాకెట్టు నన్ను పైకి తేల్చిందిగాని, తలకిందులుగా తేల్చింది. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్లు. ఎట్లాగో తల పైకెత్తి, "నిజంగా! నిజంగా!" అని కేకలు పెట్టాను. ఒడ్డున చప్పట్లు వినిపించాయి. పెద్ద అధికారి మైకులో, "చూడండి, మన సిబ్బంది ఎంత సహజంగా చేస్తున్నారో" అన్నారు.

కుర్రవాళ్లు నన్ను లాగి ఒడ్డున ఇసుకలో పడుకోబెట్టారు. దగ్గుతూ కక్కుతూ, "నాకు బాగాలేదు" అన్నాను. ఒకడు నా ఛాతీ మీద చేతులు పెట్టి, పెదవులు కదపకుండా, "మాట్లాడకండి సార్, వీడియో తీస్తుండారు" అన్నాడు. నెత్తిమీద డ్రోను ఒకటి తుమ్మెదలా తిరుగుతోంది. నేను కళ్లు మూసుకుని చచ్చిపోయాను.

అప్పుడు నా బంధువును పిలిచారు.

బంధువు వేషం వేసింది ఎండు చేపలమ్మే అవ్వ. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా ఆవిడ వెళ్లి ఏడిస్తేగాని చావు జరిగినట్టు కాదు. నాకు అంతకుముందు ఆవిడతో పెద్ద పరిచయం లేదు. రేషను విషయంలో ఒకట్రెండుసార్లు ఆఫీసుకు వచ్చి, నేను మూసిన కిటికీని ఎప్పుడూ అడక్కుండానే తెరిచి కూర్చునేది. అంతే.

అవ్వ వచ్చి నా పక్కన ఇసుకలో కూలబడింది. మొదట మెల్లగా, నలుగురి ముందు మొహమాటపడుతున్నట్టు, "అయ్యో నా నాయనా, అయ్యో నా సామీ" అంది. జనంలో నవ్వులు వినిపించాయి. నాకూ నవ్వు వచ్చింది, బిగబట్టుకున్నాను. ఆవిడ నా తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. చేతులకు ఎండు చేపల వాసన. రాగం ఎత్తింది.

"పొద్దున పోయినోడివే, గంజి తాగకుండా పోతివే, తెప్ప తోసుకోని పోతివే..."

నేను గంజి తాగకుండా రాలేదు. ఇడ్లీ తిన్నాను. తెప్పనూ ఎరగను. కాసేపటికిగాని ఆవిడ ఏడుస్తున్నది నా గురించి కాదని నాకు అర్థం కాలేదు.

"ఇంతమంది వచ్చినారే సామీ! ఎర్ర బండి వచ్చింది, తెల్ల బండి వచ్చింది, కుర్చీలేసుకోని దొరలొచ్చినారే! ఆ పొద్దు ఒకరన్నా రాకపోతిరే! ఉత్తినే పండుకున్నోడికి ఇంతమంది వచ్చినారే, నిజంగా పోయినోడికి ఒకరూ రాకపోతిరే!"

నవ్వులు ఆగిపోయాయి. మైకు ఆగిపోయింది. డ్రోను ఒక్కటే పైన రొద చేస్తోంది. నా నుదుటి మీద వెచ్చగా చుక్కలు పడ్డాయి. ఆ క్షణంలో కళ్లు తెరవాలో వద్దో నాకు తెలియలేదు. తెరిస్తే ఆవిడ ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిదా కాదా? ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ అట్లాగే ఉండిపోయాను. చచ్చిపోయినవాడిలా ఉండడం ఆ కాసేపు మాత్రం నాకు సరిగ్గా కుదిరింది.

ఎవరో చెప్పులు విడిచి ఇసుకలో నడిచి వచ్చిన చప్పుడైంది. "అవ్వా, చాలు, లేమ్మా" అని మేడం గొంతు. అప్పుడు ఆమె చేతిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎత్తలేదు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "అయిపోయిందా మేడం? బాగా జేసినానా?" అని అడిగింది. మేడం ఆవిడ చెయ్యి పట్టుకుని లేపారు. షామియానా కిందనుంచి ఎవరో, "నెక్స్ట్, అంబులెన్సు" అన్నారు.

స్ట్రెచరు మీద నన్ను అంబులెన్సులోకి ఎక్కించారు. ఊరి పొలిమేర దాకా తీసుకెళ్లి దించేస్తారని నాకు చెప్పి ఉన్నారు. పొలిమేర దాటింది. చేపల చెరువులు దాటాయి.

"నన్ను ఇక్కడ దించాలండీ" అన్నాను, బండిలో ఉన్న అతనితో. అతను ఉద్యోగంలో చేరిన కొత్తనుకుంటాను, చాలా శ్రద్ధగా నా బీపీ చూస్తున్నాడు.

"బీపీ ఎక్కువుంది సార్. ఊపిరితిత్తుల్లో గరగర ఉంది. నీళ్లు తాగినట్టున్నారు."

"తాగాను, కాని ఇది డ్రిల్లు."

"డ్రిల్లే సార్. నీళ్లు మాత్రం నిజం గదా."

మెడలో అట్ట ఇంకా ఉంది. నా పేరు దాని మీద లేదు కాబట్టి అతను ఆసుపత్రికి ఫోను చేసి, "గుర్తు తెలియని పురుషుడు, మునిగిన కేసు" అని చెప్పేశాడు.

దగ్గరి టౌనులో ఆసుపత్రి. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిద్ర లేని కళ్లు. నేను పడుకునే నమస్కారం పెట్టి, "అమ్మా, నేను వీఆర్వోను, ఇది తుఫాను మాక్ డ్రిల్లు" అన్నాను.

"డ్రిల్లు రేపని చెప్పారే మాకు" అంది డాక్టరమ్మ.

"ఇవాళేనమ్మా."

"మరి మీరు తడిసి ఎందుకున్నారు?"

"మునిగాను గదా."

"మునిగారా, డ్రిల్లా?"

"డ్రిల్లు కోసం మునిగానమ్మా. తర్వాత నిజంగా కూడా మునిగాను. తుఫాను మాత్రమే లేదు."

డాక్టరమ్మ నర్సువైపు తిరిగి, "మాటలు తికమకగా ఉన్నాయని రాయండి" అంది. సెలైను పెట్టారు. నా పేరు చెబుతానన్నాను. నర్సు కంప్యూటరులో గుర్తు తెలియని వ్యక్తిగా ఎక్కించేశానని, మార్చాలంటే గుర్తింపు కార్డు కావాలని చెప్పింది. కార్డు పెద్దకాపు దగ్గర ఉంది. పెద్దకాపు నంబరు నా ఫోనులో ఉంది. ఫోను పెద్దకాపు దగ్గర ఉంది. ఈ మాట నర్సుకు వివరిస్తుంటే ఆవిడ నా చెయ్యి తట్టి, "రెస్టు తీసుకోండి తాతా" అంది. నాకు అప్పటికి నలభై దాటి కొంచెమే అయింది.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒకతను ఉన్నాడు. నన్ను చూసి పలకరింపుగా నవ్వి, "నేను బైకు మీంచి పడినా. నువ్వు?" అన్నాడు. ప్రభుత్వం ముంచిందని చెప్పాను. అందరిదీ అదేనని అతను నిట్టూర్చాడు.

మధ్యాహ్నం నాకు ఒళ్లు తేలికపడింది. దగ్గు తగ్గింది. నిజానికి ఆ సెలైను, ఆ ఆక్సిజను నాకు అవసరమే అయ్యాయని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి పోతానన్నాను. గుర్తు తెలియని మనిషిని ఒక్కణ్ణే పంపకూడదు, బంధువులెవరైనా వచ్చి సంతకం పెట్టాలి అన్నారు. గుర్తు తెలియని మనిషికి బంధువులు ఎట్లా వస్తారని అడిగితే, అందుకే పంపడం లేదన్నారు.

ఈలోపు ఊళ్లో జరిగింది నాకు పెద్దకాపు తర్వాత చెప్పాడు. డ్రిల్లు అయ్యాక షామియానాలోనే సమీక్ష పెట్టారు. ఎవరి హాజరు వాళ్లు చెబుతున్నారు. వీఆర్వో ఎక్కడ అని జిల్లా అధికారి అడిగారు.

"చచ్చిపోయినాడు సార్" అన్నాడట వెనకనుంచి ఎవరో.

"అది సరే. మీటింగుకు ఎందుకు రాలేదు?"

అప్పుడు పెద్దకాపు జేబులో నా ఫోను మోగింది. నా భార్య. భోజనానికి వస్తున్నారా లేదా అని. పెద్దకాపు ఉన్నదున్నట్టు, "సారు సముద్రంలో మునిగి అంబులెన్సులో పోయినారమ్మా, ఏం కంగారు పడొద్దు" అని చెప్పాడట. ఆ మాట తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో నేను ఇక్కడ రాయలేను. ఆవిడను సముదాయించడానికి మేడమే స్వయంగా ఫోను మాట్లాడాల్సి వచ్చింది.

సాయంకాలం నాలుగింటికో ఏమో, పెద్దకాపు ఆటో వేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. కార్డు, ఫోను తెచ్చాడు. పక్కన అవ్వ ఉంది. పొద్దున కట్టుకున్న చీరే, ఇసుక కూడా దులుపుకోలేదు. కార్డు చూపిస్తే నర్సు పేరైతే మార్చిందిగాని, బంధువు సంతకం బంధువు సంతకమే అంది. అవ్వ బొటనవేలు చాపింది.

"ఈయనకు మీరేమవుతారు?" అని అడిగింది నర్సు.

అవ్వ నా వైపు ఒకసారి చూసింది. "ఏడ్చినదాన్ని" అంది.

నర్సు ఇంకు డబ్బా ముందుకు జరిపింది. వేలు ఇంకులో అద్దించి, ముద్ర వేయించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెద్దకాపు ముందు కూర్చున్నాడు. నేను, అవ్వ వెనక. ఆవిడకు ఏమని చెప్పాలో తెలియక, పొద్దున బాగా ఏడ్చావవ్వా అన్నాను. అన్న వెంటనే నాలిక కరుచుకున్నాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "చిన్నదాన్ని అప్పుడు" అని మొదలుపెట్టింది. "ఆ పొద్దు గాలి తిరిగింది. అందరి తెప్పలూ వచ్చినాయి, మాది రాలా. ఊరోళ్లే పడవలేసుకోని ఎతికినారు, వాళ్లకు ఉన్నకాడికి జేసినారు. ఊరికి వారంరోజులు పొయ్యి ఎలగలా అబ్బయా. తర్వాత ఎప్పుడో ఒకాయన వచ్చినాడు, నీ మాదిరే, సంచి తగిలించుకోని. శవం యాడుండాది అన్నాడు. ల్యాదన్నా. శవం ల్యాకుండా పోయినాడని ఎట్టా రాసేది అన్నాడు. ఆయన మాత్రం ఏం జేస్తాడు, రూలు అట్టుండాదంట. పోయినాడు."

"మళ్లీ రాలేదా?"

"వచ్చినాడు. ఓటరు లిస్టు రాసుకునేదానికి. నా మొగుడి పేరు చదివి, ఉండాడా అని అడిగినాడు." అవ్వ నవ్వింది. "నేనేం జెప్పాల? ఉండాడని మీరే అంటిరి గదా అన్నా. రాసుకోని పోయినాడు. చానా ఏండ్లు ఉండె ఆ పేరు."

ముందు కూర్చున్న పెద్దకాపు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏమో ముఖం కనపడలేదు. నాకు ఆ సంచి తగిలించుకున్న మనిషి మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. అతని కుర్చీలోనే నేను కూర్చుని ఉన్నాను. అతనికి మైకు కట్టిన ఆటో లేదు, సైరను లేదు, రబ్బరు పడవ లేదు. అడగడానికి ఒక్క ప్రశ్న మాత్రం ఇచ్చి పంపారు.

"ఇప్పుడైతే అట్లా ఉండదవ్వా" అన్నాను.

"చూసినా గదా పొద్దున" అంది అవ్వ. అది ఎగతాళి కాదు. "నిజంగానే మునిగితివి గదా నువ్వు. నేను చూసినా, నీళ్లు మింగేటప్పుడు తెలిసిపోతాది. ఆ పిల్లోళ్లు అరక్షణంలో లాగేసినారు. మంచి పిల్లోళ్లు. నేను అందుకే ఏడ్చినా."

మరునాడు ఆఫీసుకు వెళ్లేసరికి నాకు మెమో వచ్చి ఉంది. మాక్ డ్రిల్లు అనంతర సమీక్షకు ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరు అయినందుకు సంజాయిషీ ఇవ్వమని. పైనుంచి వచ్చింది కాబట్టి మేడం కూడా ఏమీ చేయలేరు. నేను కూర్చుని సంజాయిషీ రాశాను: "ఆ సమయంలో నేను మృతుడిగా విధుల్లో ఉన్నందున హాజరు కాలేకపోయాను."

మేడం దాన్ని చాలాసేపు చదివారు. పెదవి కొరుక్కున్నారు. "మృతుడు అని వద్దు. మనం డ్రిల్లులో ప్రాణనష్టం లేదని రిపోర్టు పంపించాం. బాధితుడు అని రాయండి" అన్నారు. మార్చి రాశాను. రాస్తూ రాస్తూ, ఆటోలో అవ్వ చెప్పిన ఓటరు లిస్టు సంగతి కూడా మేడంకు చెప్పాను. ఆ కాగితం ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే, "ఆ అవ్వ వాళ్లాయన పేరు ఇంకా ఎక్కడన్నా ఉందేమో కనుక్కున్నారా?" అని అడిగారు. కనుక్కున్నానని, ఇప్పుడు ఎక్కడా లేదని చెప్పాను. మేడం తలూపారు. ఫోను మోగింది.

ఆ వారంలోనే ఒకరోజు ఆఫీసు కట్టేసి బస్సుకోసం నడుస్తున్నాను. అవ్వ తన ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. "ఏం సారూ, నీళ్లు పోసుకున్నావా?" అని కేకేసింది.

రోజూ పోసుకుంటూనే ఉన్నానన్నాను.

"ఆ నీళ్లు గాదు. నేను నీ మీద పడి ఏడ్చినా గదా. ఏడ్చినాక నీళ్లు పోసి ఎత్తాల. అట్టా వదిలేస్తే మంచిది గాదు, నీకూ మంచిది గాదు, నాకూ గాదు. రా, ఇట్ట కూర్చో."

బస్సుకు టైమైందని, రేపు వస్తానని ఏదో చెప్పబోయాను. ఆవిడ అప్పటికే పీట వేసింది. అరుగుల మీదున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. పెద్దకాపు కూడా ఎక్కడినుంచో వచ్చి, నా చేతిలోంచి సంచి, ఫోను, కార్డు మాట్లాడకుండా తీసుకున్నాడు. నేను ఆఫీసు ప్యాంటు, ఇస్త్రీ చొక్కాతో వీధిలో పీట మీద కూర్చున్నాను. అవ్వ పసుపు కలిపిన నీళ్ల బిందె ఎత్తి నా నెత్తిన పోసింది. ఒక్కసారిగా పోయలేదు. నెమ్మదిగా, ఒక చెయ్యి నా తల మీద ఉంచి, చెవుల వెనక, మెడ మీద రుద్దుతూ, పసిబిడ్డకు పోసినట్టు పోసింది. ఎవరూ నవ్వలేదు. బిందె ఖాళీ అయ్యాక ఆవిడ దాన్ని బోర్లించి పక్కన పెట్టి, రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.

"అయిపోయింది. ఇంక పో" అంది.

ఎవరో తువ్వాలు ఇచ్చారుగాని ప్యాంటు చొక్కాలకు అది ఏం సరిపోతుంది. నీళ్లు కారుతూనే పరుగెత్తి బస్సు అందుకున్నాను. మనుషులు పలచగా ఉన్నారు, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చోబోతుంటే కండక్టరు వచ్చి కిందినుంచి పైదాకా చూశాడు. ఆకాశం వైపు కూడా చూశాడు. వాన జాడ లేదు.

"ఏంది సార్, ఇట్టా తడిసినారు?"

"స్నానం చేయించారు" అన్నాను.

అతను సీటు వైపు చూశాడు. "సీటు తడిసిపోతాది, నిలబడండి సార్" అని టికెట్టు చింపి ఇచ్చాడు. దిగే స్టాపు దాకా నిలబడే వెళ్లాను.